మా పెరటిలోని రేగు మొక్కలు

ఫలవృక్షములలో రేగు పేదల పక్షము వహించిన చెట్టు. మామిడికి వలె దానికి ఎక్కువ సంరక్షణ అక్కరలేదు; అరటికి వలె నిత్యము నీరు అక్కరలేదు. పొలము గట్టునను, బాట ప్రక్కనను, రాళ్లగుట్ట మీదను తనంతట తాను మొలచి, పశువులకు ఆకును, పిల్లలకు పండును, కంచెకు ముళ్లకంపను ఇచ్చుచుండును. సంస్కృతమున దీనిని బదరి యందురు. హిమాలయములందలి బదరీనాథమునకు ఈ చెట్టు వలననే ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. శబరి శ్రీరామునకు సమర్పించిన పండ్లు రేగుపండ్లేయని జనులు చెప్పుకొనుట మనమందరము వినియున్నదే. ఇంతటి ప్రాచీన వృక్షము బెంగళూరున పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లలకు నేడు సంక్రాంతినాడు అంగడిలో కొని తెచ్చు సరకుగా మాత్రమే తెలియుచున్నది.

మా పెద్దలు అనంతపురము జిల్లానుండి బ్రతుకు తెరువునకై ఈ నగరమునకు వచ్చిరి. యలహంకకు ఆవల మాకు కొద్దిపాటి స్థలము కలదు. ఇంటికి పోగా మిగిలిన పెరటిలో ఒక మామిడి, రెండు జామలు, ఒక కరివేప చెట్టు ఉన్నవి. 2022 జూలైలో అచట రేగు నాటవలెనని తలచితిమి. మా అవ్వ మొదట సమ్మతింపలేదు. “ముళ్లచెట్టు ఇంట్లో పెట్టుకుంటారా నాయనా? అది గట్టుమీది చెట్టే గాని గడపలో చెట్టు కాదు” అనెను. ప్రక్క ఇంటి కన్నడ ఇల్లాలు కూడ తమ పిల్లలు ఆ వైపున ఆడుకొందురని భయపడినది.

వారి భయము నిరాధారము కాదు. రేగు కొమ్మకు ఆకు మొదట రెండేసి ముళ్లుండును. ఒకటి నిటారుగ నిలుచును. రెండవది కొక్కెము వలె వంగియుండును. మొదటిది గ్రుచ్చును, రెండవది పట్టుకొని విడువదు. అందుచే నడచు బాటకు దూరముగ పడమటి మూలను స్థలము నిర్ణయించి, ప్రక్క ఇంటివైపు వ్రాలు కొమ్మలను ఎప్పటికప్పుడు కత్తిరింతుమని మాట ఇచ్చితిమి. అవ్వ ఒక షరతు మీద ఒప్పుకొనెను. భోగినాడు మునిమనుమరాలి తలపై పోయు పండ్లు ఆ చెట్టువే కావలెనట! అప్పటికి ఆమెకు ఎనుబదిమూడేండ్లు. “చెట్టు కాసేదాకా నేనుండాలి గదా” యని నవ్వెను. ఆ నవ్వుతో మా పనికి ఒక గడువు ఏర్పడినది.

రేగులో జాతులు పెక్కు. చైనా దేశమున వేల సంవత్సరములనుండి పెంచుచున్న రేగు వేరొక జాతి; అది చలికాలమున ఆకు రాల్చి నిద్రించును. దాని పండ్లను ఖర్జూరముల వలె ఎండబెట్టి వాడుదురు. మన దేశపు రేగు వేసవిలో ఆకు రాల్చి, వానలతో చిగుర్చి, వర్షర్తువు చివరను పూచి, చలికాలమున పండును. సముద్రమట్టమునకు సుమారు మూడువేల అడుగుల ఎత్తువరకు ఇది చక్కగ పెరుగును. బెంగళూరు ఇంచుమించు ఆ ఎత్తుననే యున్నది. ఇచటి ఎఱ్ఱనేల దానికి సరిపడును.

మేము మూడు మొక్కలకు ఏర్పాటు చేసితిమి. ఉమ్రాన్, గోలా అను రకముల అంటుమొక్కలను ఒక నర్సరీనుండి తెచ్చితిమి. రెండు రకములు ఏలయనగా, రేగులో అనేక రకములకు తమ పుప్పొడితో తమకే కాయ సరిగ పట్టదు. తేనెటీగలును, ఇతర ఈగలును వేరొక రకపు పుప్పొడిని తెచ్చినచో కాపు మెరుగగును. మూడవ దానిని మాత్రము మా ఊరి నాటురేగు గింజతో మొలిపింపదలచితిమి. గింజలను ఉప్పునీటిలో వేసి, తేలినవానిని పారవైచి, మునిగినవానిని తీసికొంటిమి. రేగుటెంకె మిక్కిలి గట్టిది. దానిని నెమ్మదిగ పగులగొట్టి లోని పప్పును నాటినచో సుమారు వారము దినములలో మొలచును. టెంకెతోనే నాటినచో మూడు నాలుగు వారములు పట్టును. చెట్టు ఉండవలసిన చోటనే గింజను నాటితిమి. ఇందుకు కారణము కలదు. రేగుమొక్క పైకి జానెడు పెరుగులోపలనే దాని తల్లివేరు నేలలోనికి లోతుగ దిగును. పిదప పెరికి మార్చినచో ఆ వేరు తెగును.

అంటుమొక్కలకు రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గుంటలు త్రవ్వి, మట్టిలో మాగిన పశువుల ఎరువును, కొంచెము వేపపిండిని కలిపి నింపితిమి. గాలికి ఊగకుండ వెదురు బద్ద కట్టితిమి. లేత రేగుకు ముఖ్యమైన సేవ నీరు పోయుట కాదు, కత్తెర పట్టుట. అంటు కట్టిన చోటికి దిగువనుండి వచ్చు చిగుళ్లను వెంటనే గిల్లివేయవలెను. లేనిచో అడవి వేరు బలమంతయు వానికే పోయి మంచి కొమ్మ క్షీణించును. నేలనుండి రెండున్నర అడుగులవరకు మ్రాను ఒంటిగ పెరుగవలెను. ఆ పైన నలుదిక్కులకు పోవు మూడు నాలుగు కొమ్మలను మాత్రమే ఉంచవలెను. మొదటి సంవత్సరము వచ్చిన పూతను పిల్లలు వలదన్నను త్రుంచివేసితిమి.

2023లో కర్ణాటకమున వానలు తప్పినవి. 2024 మార్చిలో నగరమున నీటికి కటకట ఏర్పడగా, త్రాగునీటిని తోటలకు వాడరాదనియు, వాడినచో ఐదువేల రూపాయల జరిమానా యనియు జలమండలి ఉత్తరువు చేసినది. ఆ ఉత్తరువు న్యాయమైనదే; మనుష్యుల దాహము తరువాతనే మొక్కల దాహము. మేము బియ్యము, కూరగాయలు కడిగిన నీటిని ఒక బొక్కెనలో చేర్చి, మొక్క మొదట ఎండుటాకులు పరచి, వారమునకు రెండు పర్యాయములు ఐదేసి లీటర్లు పోసితిమి. ఏప్రిల్ నెలలో మూడు మొక్కలును ఆకులన్నియు రాల్చినవి. అవ్వ ప్రతిదినము సాయంకాలము కఱ్ఱ ఊతగా వచ్చి చూచి, మాటాడక మరలిపోవుచుండెను. మేము గోటితో బెరడు గీరి చూచితిమి. లోపల పచ్చగ నున్నది. రేగు చచ్చుట లేదు, నిద్రించుచున్నదని ఆమెకు చెప్పితిమి.

తొలకరికి ఉమ్రాన్ చిగుర్చినది. గింజమొక్క అంతకన్న ముందే చిగుర్చినది. గోలా మాత్రము లేవలేదు. దానిని పెరికి చూడగా, నర్సరీ సంచిలో పెరిగిననాడు చుట్టచుట్టుకొన్న తల్లివేరు చుట్టగనే యున్నది. నీరున్న లోతునకు అది దిగనేలేదు. గింజమొక్కకు ఆ కష్టము లేదు. తాను పుట్టిన చోటనే వేరూనినది గనుక ఎండను సహించినది.

ఆ జూన్ నెలలో హిందూపురపు బంధువుల తోటనుండి గోలా కొమ్మ తెప్పించి గింజమొక్కకు అంటు కట్టితిమి. పెన్సిలు లావు కొమ్మపై బెరడును ‘టి’ అక్షరము వలె కోసి, గోలా కొమ్మనుండి తీసిన మొగ్గను పలుచని బెరడుతో సహా అందులో దూర్చి, మొగ్గ మాత్రము కనబడునట్లు ప్లాస్టిక్ పట్టీతో బిగింపవలెను. రెండు మొగ్గలు పెట్టితిమి. ఒకటి ఎండిపోయినది, ఒకటి మూడు వారములకు కన్ను తెరచినది.

ఉమ్రాన్ ఒంటరిదైనను సమీపపు చెరువుకట్ట మీది నాటురేగులు దానికి తోడైనవి. కాయలు పట్టినవి. నవంబరులో కాయలపై బూడిదవంటి తెగులు కనబడగా నీటిలో కరగు గంధకమును చల్లితిమి. కొన్ని కాయలలో పురుగు చేరినది. పండు ఈగ గ్రుడ్ల వలన పుట్టు పురుగు అది. రాలిన కాయలతోపాటు నేలకు దిగి మట్టిలో దాగును. కావున రాలినవానిని దినదినము ఏరి నాశనము చేసి, చెట్టు క్రింది మట్టిని తిరుగదవ్వితిమి.

2025 జనవరి 13 భోగి. ఆ ఉదయమున కోసిన కాయలు నలుబదియొకటి. సగము పండినవి, సగము దోరవి. ఎనుబదియైదేండ్ల అవ్వ వానిని పూలరేకులతోను, చిల్లర నాణెములతోను కలిపి మునిమనుమరాలి తలపై తన చేతులతో పోసెను. ప్రక్క ఇంటి ఇల్లాలు తన పిల్లవానిని కూడ తోడ్కొని వచ్చినది. కన్నడిగులు కూడ సంక్రాంతికి పిల్లలపై ఈ పండ్లు పోయుదురు. ఆమె ‘ఎలచి’ యనెను. ఎదుటి ఇంటి తమిళులు ‘ఇలందై’ యనిరి. ఏది నిజమైన పేరని పాప అడిగెను. “మూడూ నేర్చుకో తల్లీ. మనింట్లో మాత్రం రేగు అను” అని అవ్వ చెప్పెను.

విద్యార్థులారా! రాబోవు భోగినాడు పండ్లు పోసిన పిదప గింజలను ఊడ్చి పారవేయకుడు. ఉప్పునీట పరీక్షించి, మునిగినవానిని తడి ఆరని గుడ్డలో కాక పొడి డబ్బాలో దాచి, తొలకరికి నాటుడు. ఇంట చోటు లేనివారు పాఠశాల ఆవరణలో ఒక మూలను అడుగవచ్చును. తల్లిదండ్రులు ముళ్లకు భయపడవలదు. చోటు చూచి నాటి, ఏటేట కాపు ముగిసిన పిదప వేసవిలో కొమ్మలు కత్తిరించినచో చెట్టు అదుపులో నుండును, మఱుసటి కాపును పెరుగును. మొగ్గకొమ్మలు కావలసినవారు జూన్‌లో మా ఇంటికి రావచ్చును. చేతికి మందపు గుడ్డ చుట్టుకొని వచ్చుట మంచిది.