నీటి నడక

నది ఒక్కటే అయినా అందులోని నీరంతా ఒకే వేగంతో నడవదు. త్ర్యంబకేశ్వరం వద్ద పుట్టి, దాదాపు 1,465 కిలోమీటర్లు ప్రయాణించి సముద్రంలో కలిసే గోదావరిని వేసవిలో రాజమహేంద్రవరం రేవుమెట్ల మీద నుండి చూస్తే, కదలక నిలిచిన సరస్సువలె తోస్తుంది. ఆ నిశ్చలత మన కంటిదే గాని నీటిది కాదు.

నేను శాస్త్రజ్ఞుడను కాను. ప్రాచీన కావ్యాలను చదువుకొని తెలుగు బోధిస్తున్నవాడను. అయినా ప్రవాహం నాకు పరాయి విషయం కాదు. పద్యం తడబడక సాగితే దానిని ధారాశుద్ధి అని మెచ్చుకోవడం మన సంప్రదాయం. ఆ మాటను మనకిచ్చినది నీరే.

భూమ్యాకర్షణ నీటిని పల్లానికి లాగుతుంది. అడుగున ఉన్న ఇసుక, రాళ్లు, ఇరువైపుల గట్లు ఒరిపిడితో దానిని పట్టి ఆపుతుంటాయి. అందుచేత ఒడ్డునా, అడుగునా వేగం తక్కువ. నడిమి లోతులో, ఉపరితలానికి కొంచెం దిగువన వేగం అత్యధికం. ఒడ్డున మోకాలి లోతు నీటిలో నిలిచి నది సాధువని తలచినవాడు, నాలుగడుగులు వేసేసరికి మరొక నదిలో ఉంటాడు.

నది ఇరుకైన చోట అంత నీరూ ఆ సందులోనుండే సాగాలి గనుక లోతైనా, వేగమైనా పెరగక తప్పదు. పాపికొండల నడుమ జరిగేది ఇదే. మునిగిన బండల వెనుక నీరు వెనుదిరిగి సుడులవుతుంది. అనుభవజ్ఞుడైన సరంగు నీటి మీది ముడతను చూసి అడుగునున్న బండను పోల్చుకుంటాడు. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదలో ఉండగా, కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి ఎందరో మరణించారు.

వంపులో నది మరొక విధంగా నడుస్తుంది. పైనీరు వెలుపలి గట్టును ఒరసి, కోసి, కిందికి దిగి, అడుగున ఇసుకను లోపలి గట్టుకు చేరుస్తుంది. ఆ తెల్లని ఇసుకతిన్నె మనలను పిలుస్తుంది. దాని అంచు దాటగానే లోతు. ఇసుక తవ్విన గుంతలుంటే ప్రమాదం మరింత ఎక్కువ.

ఒక ఏడాది వేసవి సెలవులు ముగిసిన తరువాత, హాజరు పిలుస్తూ ఒక పేరు వద్ద నా గొంతు ఆగిపోయింది. ఆ బాలునికి ఈత వచ్చు. నది నడక తెలియదు.

విద్యార్థులారా! ప్రవాహంలో చిక్కితే దానికి ఎదురీదకండి. దానితోపాటు సాగుతూ ఏటవాలుగా ఒడ్డుకు చేరండి. మునిగేవానికోసం దూకక తాడో, కర్రో అందించండి. నదికి మొక్కడం మన సంప్రదాయం. నది నడకను తెలుసుకోవడం ఆ మొక్కులో భాగం కావాలి.