పావలా సందు

మా పొరుగాయన షెడ్డులో 1943 నాటి జి.ఎం.సి. మిలిటరీ లారీ ఒకటుంది. రెండున్నర టన్నుల బండి. 1941-45 మధ్య ఇలాంటివి అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి, మన మిషిగన్ పాంటియాక్‌లో కూడా. యుద్ధంలో ఉక్కుకు కరువొచ్చి ఇనుప తొట్టి మాని చెక్క తొట్టి బిగించారు. ఆ చెక్క పుచ్చిపోయింది. కొత్త తొట్టి కడదాం రమ్మన్నాడాయన.

మేమిద్దరం ఇంజనీర్లమాయె! లెక్కలు వేసి, పన్నెండడుగుల ఓక్ పలకలు వెంట్రుక దూరకుండా బిగించాం. ఆదివారం వాన పడింది. పలకలు ఉబ్బి, నడుమ ఎద్దు మూపురంలా లేచాయి.

నాన్నగారు అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫయ్యేళ్ళు లారీ బాడీలు కట్టిన మనిషి. రెండు నెలలుగా సోఫాలో కూర్చుని తిరుగు టిక్కెట్టు తేదీ అడుగుతున్నారు. అయినా మేం పిలవలేదు. ఆయన వడ్రంగి అని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు మరి, "వ్యాపారం" అనేవాళ్ళం.

ఆయనే వచ్చారు. పలకను వేలి కణుపుతో కొట్టి విన్నారు.

"ఎండిన చెక్క నీళ్ళు తాగుతుందిరా. దానికి చోటేదీ?"

పొరుగాయన దగ్గర రెండు పావలాలు (క్వార్టర్లే లెండి) తీసుకుని, జతచేసి పలకల మధ్య నిలబెట్టారు. "ఇంత సందు."

అన్నీ విప్పించి, అంచులు చిత్రిక పట్టి మళ్ళీ బిగించారు. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ టిక్కెట్టు మాటెత్తలేదు.

దీపావళి సభలో ఎవరో అడిగారు, ఆ తొట్టి ఎవరు కట్టారని. "మా నాన్నగారు. వడ్రంగి," అన్నాం. అప్పటికే ఆయన బెజవాడ వెళ్ళిపోయారు.