పద్యానికి ఏ వరస?

నెల్లూరులో రైలు దిగేసరికి తెల్లవారుతోంది. పెద్దమ్మగారింట్లో ఎవరిని ఏమని పిలవాలో మా అమ్మాయికి దారి పొడుగునా నేర్పాను. తీరా గుమ్మంలో నిలబడ్డ మా మేనమామను చూసి, నేను పిలిచినట్టే తనూ "మామయ్యా" అంది. "తాతనమ్మా నేను! వరస తప్పితే ఎట్టా?" అని ఆయన పకపకా నవ్వాడు. ఆ పూటంతా వరసల గొడవే. కాకపోతే చుట్టరికం వరసలు కాదు, పద్యం వరసలు.

మధ్యాహ్నం మైపాడు బయల్దేరాం. పాతిక కిలోమీటర్లు. ముందు వరి, ఆ తర్వాత రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లు చిలికే చక్రాలు, బకింగ్‌హాం కాలువ, సరుగుడు తోపులు, సముద్రం. పెద్దమ్మ ఒళ్లో క్యారేజీ. అందులో రాత్రి కాచిన చేపల పులుసు. మామిడి ముక్కలు వేసిన పులుసు ఒక పూట నిలవ ఉంటేనే పులుసని ఆవిడ సిద్ధాంతం. తిన్నాక నాకూ అభ్యంతరం లేకపోయింది.

మామయ్య కుర్రతనంలో స్టేజీ మీద కృష్ణుడు. హార్మోనీ పెట్టె అటకెక్కి చాలాకాలమైంది కానీ గొంతు ఎక్కలేదు. సరుగుడు నీడలో కూర్చుని దువ్వూరి రామిరెడ్డి 'పానశాల' నుంచి ఒక ఉత్పలమాల ఎత్తుకున్నాడు. లోకం ఒక పాత సత్రం, ఎందరో రాజులు వచ్చారు, పోయారు. అదీ భావం. 1895లో గూడూరులో పుట్టి, సేద్యం చేస్తూ 'కవికోకిల' అనిపించుకున్న రామిరెడ్డి ఈ వైపు వాళ్లకు ఇంటి మనిషి. ఉమర్ ఖయ్యామ్‌ను లోకం ఎక్కువగా 1859 నాటి ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషులో చదువుకుంటే, ఈయన పారశీకం నేర్చుకుని మూలాన్నే పట్టుకున్నాడు. రుబాయీకీ నాలుగు పాదాలే, మన వృత్తానికీ నాలుగే. అయితే ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు. అక్కడ ముడుచుకుని కూర్చున్న మాట ఇక్కడ కాళ్లు చాపుకుంటుంది.

మద్రాసులో కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న పెద్దమ్మ మనవరాలు ఊరుకోలేదు. "ఈ మాటలకు మోహన ఏంది తాతయ్యా? శివరంజని కదా పాడాల?"

"ఏడుపు పద్యం కాదమ్మా ఇది. పోయేవాడు నవ్వతా పోతా ఉండాడు."

"మరి తాళం?"

"పద్యానికి తాళం యాడిది! గురువు, లఘువు కవి పెట్టి పోయినాడు. రాగం మన ఇష్టం."

ఆ ఇష్టంతోనే వచ్చింది చిక్కు. రెండో పాదం చివర రాగం తీయడం మొదలుపెట్టాడు. మొక్కజొన్న పొత్తులు కాల్చే కుర్రాడు విసనకర్ర ఆపి చూస్తున్నాడు. మా అమ్మాయి వేళ్లు లెక్కపెడుతోంది. ఎదురుగా జనం ఉంటే 'వన్స్‌మోర్' అనేవారే. రాగం ముగిశాక చూస్తే మూడో పాదం లేదు. మరిచిపోయాడు!

క్యారేజీ గిన్నెలు సర్దుతున్న పెద్దమ్మ తలెత్తకుండానే అందించింది. అందించి ఊరుకోకుండా పద్యం మొదటినుంచీ చదివింది. సంగీతం రాదావిడకు. వాళ్ల నాన్న రాత్రిళ్లు అరుగు మీద తిక్కన భారతం చదివేవాడట. ఆ చదువు వరస ఒక్కటే వచ్చు. దాదాపు మాట్లాడుతున్నట్టే ఉంటుంది. కానీ పాదం చివర ఆగలేదు, మాట ఎక్కడ ముగిసిందో అక్కడ ఆగింది. "మాటను సగానికి నరికి రాగం తీస్తావేందిరా?" అంది తమ్ముణ్ణి.

సంస్కృతంలో యతి అంటే ఆగే చోటు. తెలుగులో అది అక్షరాల మైత్రి మాత్రమే, ఆగమని ఎవరూ అనరు. అందుకే మన పద్యంలో మాట పాదం గట్టు దాటి అవతలికి పారుతుంది. విరాటపర్వం నుంచి 15 పర్వాలు తెనిగించిన తిక్కన చేతిలోనైతే మరీను, మనుషులు ఎదురుబొదురు కూర్చుని వాదించుకుంటున్నట్టే ఉంటుంది. స్టేజీ పద్యం రాగం కోసం ఈ పారుదలకు అడ్డుకట్ట వేసిందని నాకెప్పటినుంచో అనుమానం. మామయ్య ముందు అనలేదు. ఆయన గొంతు నాకిష్టం కూడాను. అయినా ఆ సత్రం, ఆ రాజులు నా కళ్లకు కట్టింది పెద్దమ్మ చదివినప్పుడే.

చీకటి పడుతుండగా తిరిగొస్తుంటే కాలువ వంతెన దగ్గర గేదెలు అడ్డొచ్చి కారు ఆగింది. ముందు సీట్లో మామయ్య సన్నగా శివరంజని అందుకున్నాడు. అదే పద్యం. వెనక మనవరాలు ఊపిరి బిగబట్టింది. రెండో పాదంలో ఆపేశాడు.

"లేదమ్మా, మోహనే" అన్నాడు. గేదెలు ఇంకా కదల్లేదు.