ట్యాబునకు తగిన కీబోర్డు

రోలు కొనునపుడు రాతిని తట్టి నాదము విందుము. చీర కొనునపుడు అంచును వ్రేళ్ల నడుమ నలిపి చూతుము. చింతపండు కొనునపుడు ఒక రెబ్బ నోట వేసికొందుము. ఇంత యెరుక గల మనమే విద్యుత్తుతో పనిచేయు వస్తువుల యంగడిలో నడుగిడినతోడనే చేతులు కట్టుకొని నిలుచుందుము. అంగడివాడు చూపినదే మంచిదనియు, బొమ్మలో మెరసినదే మేలైనదనియు నమ్ముదుము. ట్యాబునకు జతగూర్చు తీగలేని కీబోర్డును గూర్చి మేమీ వ్యాసము వ్రాయబూనితిమి. దానిని గూడ రోలువలెనే తట్టి చూచి కొనవలెననుట మా మనవి.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధివలన బడులు మూతపడినవి. ఆ యేట సెప్టెంబరు 1వ తేదీనుండి మన తెలంగాణమున పాఠములు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారముల మూలమున ఇండ్లకే వచ్చెను. ఆ దినములలో పెక్కు కుటుంబములు పిల్లలకొరకు ట్యాబులు కొనినవి. బడులు మరల తెరచిన పిమ్మట కొన్ని యిండ్లలో నవి సినిమాలు చూచుటకు మిగిలినవి. కొన్ని యిండ్లలో బీరువా చేరినవి. మా యింటిదియు బీరువాలోనే యుండెను. అట్టి ట్యాబునకు ఒక కీబోర్డును జతచేసినచో, వ్రాతపనికి సంబంధించినంతవరకు అది ల్యాప్‌టాపువలె నుపయోగపడును.

మా కాపురము చివ్వెంలలో. మా వారు ఉపాధ్యాయులు. వారికి ప్రశ్నపత్రములు, మార్కుల పట్టికలు వ్రాయు పని యెడతెగక యుండును. మాకు వేరొక పని కలదు. మా తల్లిగారు కాలము చేసినపుడు మాకు మిగిలిన సొత్తులో మూడు నోటుపుస్తకము లున్నవి. వానినిండ పెండ్లిపాటలు, అప్పగింతల పాటలు, బతుకమ్మ పాటలు, మంగళహారతులు. సిరా వెలిసిపోయినది, అంచులు ముట్టుకొన్నంతనే రాలుచున్నవి. సగము పాటలకు మొదటి చరణము మాత్రమే వ్రాసి విడిచిరి. తక్కినది నోటికి వచ్చును గదా యని వారి యూహ కాబోలు. ఆ తక్కిన చరణములు ఎనుబదియేండ్లు దాటిన మా మేనత్తగారి కంఠమున మాత్రమే నేడు నిలిచియున్నవి.

ఆమె పాడునపుడు నడుమ నాపినచో పాట తెగును. మరల మొదటినుండి యెత్తుకొనవలయును. గొంతును ఫోనులో నిలుపవచ్చును గదా యందురేమో. నిలుపుచునే యున్నాము. కాని పండ్లు రాలిన నోట కొన్ని మాటలు స్పష్టముగా పలుకవు. ఆ దినముననే వ్రాసి, ఆమెకు చదివి వినిపించి, ఔననిపించుకొనినగాని పాఠము నిలువదు. ఫోను తెరపై బొటనవ్రేలితో వ్రాయబోయితిమి. ఒక పాట ముగియునప్పటికి వ్రేలు నొచ్చును. పైగా ఆ ఫోను ప్రాత మాటలను తప్పులని తలంచి, తనకు తెలిసిన క్రొత్తమాటలను చేర్చును. ల్యాప్‌టాపు కొందమన్న ముప్పది నలువదివేల రూపాయల వ్యయము. కావున కీబోర్డు కొన నిశ్చయించితిమి.

ఆడువారి పాటల కింత ప్రయాసమేల యని బంధువులలో నొకరనిరి. మేమిట్లు బదులు చెప్పితిమి. సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱి దేవాలయములలో కాకతీయులనాటి శాసనములు నేటికిని నిలిచియున్నవి. రాజుల దానములకు రాయి దొరకెను. కవుల కావ్యములకు తాటియాకు దొరకెను. అప్పగింతల పాటకు రాయియు దొరకలేదు, ఆకును దొరకలేదు. ఒక నోటుపుస్తకమును, ఒక ముదుసలి గొంతుకయు మాత్రమే దొరకినవి. ఆ రెండును చెల్లిపోకమునుపే వ్రాసికొనుట మా విధి.

ఇక అంగడి సంగతి. సూర్యాపేటలో నొక దుకాణమునకు మా ట్యాబును వెంటగొని పోయితిమి. అచ్చటి కుర్రవాడు మెరయుచున్న కీబోర్డు నొకదానిని మా ముందుంచి, "అక్కా, దీంట్ల ఏడు రంగుల లైట్లొస్తయి" అనెను. దీనితో మా ట్యాబుమీద 'స్త్రీ' యని వ్రాసి చూపుమంటిమి. అతడు నవ్వి, "బటన్ల మీద తెలుగే లేదు గదక్కా, ఎట్లొస్తది?" అనెను. చాలమంది తలంపు నిదియే. కావున దీనిని కొంచెము విప్పి చెప్పవలసియున్నది.

మీట నొక్కినపుడు కీబోర్డు ట్యాబునకు అక్షరమును పంపదు. ఫలానా మీట నొక్కబడినదను గుర్తుసంఖ్యను మాత్రము పంపును. ఆ సంఖ్యను ఇంగ్లీషు 'కే' యని చదువుటయో, తెలుగు కకారమని చదువుటయో ట్యాబులోని యమరికనుబట్టి జరుగును. వీణకు మెట్లు మాత్రమే యున్నవి, రాగము వాయించువారిది. కావున మీటలపై తెలుగు ముద్ర లేదని వెనుదీయ నక్కరలేదు. ట్యాబు సెట్టింగ్సులో బయటి కీబోర్డునకు సంబంధించిన భాషల పట్టిక యుండును. అందులో తెలుగు కలదా యనునది చూడవలెను. కొన్ని ట్యాబులలో నది మొదటినుండియే యుండును. కొన్నింటిలో తగిన యాపును దింపుకొనవలసి వచ్చును. మరికొన్నింటిలో తెరమీద తెలుగు చక్కగా వచ్చినను బయటి కీబోర్డుతో రాదు. కావున రూకలు చెల్లింపకమునుపే, మన ట్యాబుమీదనే, అంగడిలోనే వ్రాసి చూడవలెను.

ఇంగ్లీషు మీటల వరుస అమెరికాలో షోల్సు అనునాతని టైపుయంత్రముతో పుట్టి, 1874లో రెమింగ్టన్ వారి మూలమున అంగడికి వచ్చినది. దానిలో అక్షరక్రమము వెదకిన కానరాదు. మన భాషలకు 1986లో భారతప్రభుత్వ ఎలక్ట్రానిక్సు శాఖవారు 'ఇన్‌స్క్రిప్టు' అను వరుసను ఏర్పరచిరి. ఇందులో అచ్చులును వాని గుర్తులును ఎడమచేతి క్రిందికి వచ్చును. హల్లులలో పెక్కు కుడిచేతి క్రిందికి వచ్చును. గుణింతపు గుర్తున్న మీటనే షిఫ్టుతో గూర్చి నొక్కిన ఆ గుర్తు యొక్క అచ్చు పడును. అల్పప్రాణపు మీటను షిఫ్టుతో నొక్కిన మహాప్రాణము వచ్చును. కకు ఖ, గకు ఘ, తకు థ, దకు ధ. రేఫముమీద షిఫ్టు నొక్కిన శకటరేఫము. నిండుసున్నమీద నొక్కిన అరసున్న. మేము చిన్ననాట మా తండ్రిగారి యొద్ద బాలవ్యాకరణము వల్లించినవారము. ఈ వరుసను చూచినపుడు వర్ణమాలయే మీటలపై కూర్చున్నట్లు తోచెను. తెలుగునకే కాదు, హిందీ, కన్నడము మొదలగు భాషలకును వరుస యిదియే.

'స్త్రీ' యను మాటనే చూడుడు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. ఆరు తాకిళ్లతో ముగియును. ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయు పద్ధతి వేరొకటి కలదు. పడుచువారికి అది సుళువు. దానితో నిత్యవ్యవహారపు లేఖలు వ్రాయుటకు లోపమేమియు లేదు. కాని న-ణలకును ల-ళలకును గల భేదమును అందులో జాగ్రత్తగా పాటింపవలెను. యంత్రము మన మనసును ఊహించి మాటలందించునపుడు ప్రాత పదములకు హాని కలుగును. వినినది వినినట్లు వ్రాయగోరువారికి ఇన్‌స్క్రిప్టు మేలు. అంగడిలో పరీక్షకు నాలుగు మాటలు చాలును: స్త్రీ, జ్ఞానము, ఋణము, కఱవు. ఈ నాలుగును చక్కగా పడినచో తక్కినవియు పడును.

తరువాత చూడవలసినది కొలత. పెద్ద కీబోర్డులో ఒక మీట నడిమినుండి ప్రక్కమీట నడిమికి సుమారు 19 మిల్లీమీటర్లుండును. పది యంగుళముల ట్యాబు వెడల్పున కిమిడ్చిన కీబోర్డులలో నీ దూరము తగ్గును; పిల్లల వ్రేళ్లకు చాలును గాని, చపాతీకఱ్ఱ పట్టిన చేతులకు ఇరుకగును. రెండుచేతులను మీటలపై నుంచి, చూడక పదిమాటలు వ్రాసి, ప్రక్కమీట తగులుచున్నదేమో గమనింపవలెను. మీట లోనికి దిగి లేచుట వ్రేలికి తెలియవలెను; తెలియనిచో గంటసేపటికి వ్రేళ్లు బిగియును.

ఇక జతపరచు విధములు మూడు. బ్లూటూత్ కీబోర్డునకు ట్యాబులో వేరే సాధన మక్కరలేదు. మొదటిసారి తెరపై కనిపించిన యంకెలను మీటలతో కొట్టినచో రెండును జతపడును. ఒకే గదిలో ఎంతదూరమున నున్నను పనిచేయును. రెండవ విధమునకు చిన్న యూఎస్‌బీ ముక్కను ట్యాబునకు గ్రుచ్చవలెను. అది ట్యాబునకు సరిపడునో లేదో ముందే చూడవలెను. మూడవది ట్యాబు చేసినవారే దానికై చేసిన కీబోర్డు. అయస్కాంతముతో అంటుకొనును, ఛార్జింగు వేరుగా నక్కరలేదు, కాని వెల పెక్కువేలు. మొదటి విధపువి వేయి రూపాయలకు అటునిటుగా మొదలగును. మంచముమీదనో ఒడిలోనో వ్రాయువారికి ట్యాబును నిలిపి పట్టుకొను గట్టి యానిక యున్నది తగును. బల్లమీద వ్రాయువారికి విడిది చాలును. కీబోర్డుకు బ్యాటరీ బిళ్ల యా, ఛార్జింగు తీగ యా యని గూడ అడుగుట మంచిది.

ఒక సంగతి దాచక చెప్పవలెను. కీబోర్డు చేరినంతమాత్రమున ట్యాబు సంపూర్ణముగా ల్యాప్‌టాపు కాదు. తెర చిన్నది, కార్యాలయములలో వాడు కొన్ని కార్యక్రమములు దానిలో నడువవు. మా వారి మార్కుల పట్టికలకు అది యొప్పెను గాని, పెద్ద పట్టికలకు వారు బడిలోని కంప్యూటరునే వాడుచున్నారు. ఉత్తరములు, వ్యాసములు, పాటలు, ఇంటిలెక్కలు వ్రాయువారికి మాత్రము ఇది చాలును.

రంగుల దీపములు లేని నల్లని కీబోర్డు నొకదానిని పదునాలుగువందల రూపాయలకు కొంటిమి. మధ్యాహ్నభోజనమైన పిమ్మట దినమునకు పావుగంట సాధన చేసితిమి. మొదటి నెల మేనత్తగారి పాటకంటె మా వ్రేళ్లు అరచరణము వెనుకబడుచుండెను. మూడవ నెలకు ఆమెతో కలిసి నడచెను. ఇప్పటికి ఇరువదియేడు పాటలు పూర్తిగా వచ్చినవి. ప్రతిపాట క్రిందను వ్రాసిపెట్టిన మా తల్లిగారి పేరును, పాడిన మేనత్తగారి పేరును చేర్చితిమి. అది చదివి వినిపించినపుడు ఆమె కొంతసేపు మాటాడక, "నా పేరు గూడ రాసినవా బిడ్డా?" అని యడిగెను. చదువు రాని ఆమెకు తన పేరు అక్షరములలో కనిపించుట, ఓటరు పట్టిక, రేషను కార్డులను విడిచినచో, ఇదియే తొలిసారి.

మీ యిండ్లలోను ఇట్టి పుస్తకములుండును. పుస్తకములు లేనియెడల గొంతుకలుండును. వ్రాసినదానిని మెమరీకార్డులో నొక ప్రతియు, కాగితముపై నొక ప్రతియు నుంచుడు. కీబోర్డు కొనుటకు పోవునపుడు ట్యాబును వెంట గొనిపోయి, మొదట తెలుగు వ్రాసి చూడుడు. వెల మాట తరువాత నడుగవచ్చును.