గబ్బర్ ముఠా సైకిలెక్కిన ఊళ్ళో ఒక శుక్రవారం

నవ్వనని మాటిస్తే ఒక రహస్యం చెబుతాను. నాకు చెత్త సినిమాలంటే ప్రాణం! ఊళ్ళో నాలుగు హాళ్ళుంటే, మూడింటి ముందు హౌస్‌ఫుల్ బోర్డు చూసి, నాలుగో హాల్లో పదకొండు మంది మధ్య కూర్చుని, ఆపరేటర్ కూడా కునికిపాట్లు పడే బొమ్మని శుభం కార్డు దాకా చూసే బాపతు నేను. ఫైటింగులో విలన్ విగ్గు ఊడిందా, నాకు ఆ పూట పండగే. పౌరాణికంలో ద్వారపాలకుడి మణికట్టుకి వాచీ కనబడిందా, పక్కవాణ్ణి తట్టి మరీ చూపిస్తాను.

ఈ పిచ్చి నా ఒక్కడిదే అనుకునేరు! 1959లో విడుదలైన 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' అనే అమెరికన్ బొమ్మ వుంది. తీసినవాడు ఎడ్ వుడ్. అందులో బేలా లుగోసీ అనే పాత డ్రాక్యులా నటుడు కాసేపు కనిపిస్తాడు. అసలు షూటింగు మొదలవకముందే ఆయన కాలం చేశాడు. అంతకుముందెప్పుడో తీసిపెట్టిన నాలుగు ముక్కలు వాడుకుని, మిగతా సీన్లలో ఇంకొకాయన్ని ముఖానికి దుప్పటిలాంటి అంగీ అడ్డం పెట్టుకుని నడవమన్నారు! 1980లో ఒక పుస్తకం దాన్ని ప్రపంచంలోకెల్లా అధ్వాన్నమైన సినిమాగా తేల్చింది. అంతే, దాన్ని వెతుక్కుని మరీ చూసే భక్తులు తయారయ్యారు. 2003లో టామీ వైసో తీసిన 'ది రూమ్'కి ఇప్పటికీ జనం ప్లాస్టిక్ చెంచాలు పట్టుకెళ్ళి తెర మీదకి విసురుతారు. హిందీలో 1998 నాటి మిథున్ చక్రవర్తి 'గుండా' సంగతి సరేసరి. మన దగ్గర 2014లో సంపూర్ణేష్ బాబు 'హృదయ కాలేయం' వచ్చింది. అది తెలిసి చేసిన అల్లరి. తెలిసి చేసినదానికీ, తెలియక జరిగినదానికీ రుచిలో తేడా వుంటుంది. నా ఓటు రెండోదానికే.

ఈ అభిమానమే నా చేత ఒక పాడు పని కూడా చేయించింది.

ఆ సంగతి జరిగి పదేళ్ళు దాటింది. పత్రికలకి కొత్తగా రాస్తున్న రోజులు. ఒక జిల్లా కేంద్రం కుర్రాడు ఇంటి స్థలం అమ్మి ఒక సినిమా తీశాడు. రెండు హాళ్ళలో మూడు రోజులు ఆడింది. అందులో ఒక వాన పాట. వాన హీరో హీరోయిన్ల మీదే కురుస్తుంది, వెనకాల రోడ్డు ఎండగా మెరుస్తూ వుంటుంది. పైగా ఫ్రేము అంచున నీళ్ళ పైపు పట్టుకున్న ఒక చెయ్యి! నేను వదుల్తానా? "ఈ చిత్రంలో నటించింది ఆ చెయ్యి ఒక్కటే. ఉత్తమ సహాయ నటుడి బహుమతి దానికే ఇవ్వాలి" అని రాశాను. మిత్రులు ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. నాలుగో రోజున డైరెక్టరే ఫోన్ చేశాడు. కోపంగా లేడు. "బాగా రాశారండీ. తప్పులన్నీ సరిగ్గానే పట్టుకున్నారు. ఆ చెయ్యి మా నాన్నదండీ" అని పెట్టేశాడు.

అప్పట్నుంచి చెత్త సినిమా చూసి నవ్వినప్పుడల్లా ఆ చెయ్యి గుర్తొస్తూనే వుంది.

మన్మాడ్‌లో దిగి...

2025 ఫిబ్రవరి 28న 'సూపర్‌బాయిస్ ఆఫ్ మాలేగావ్' అనే హిందీ సినిమా విడుదలైంది. రీమా కాగ్తీ డైరెక్షను. హీరో ఆదర్శ్ గౌరవ్, జంషెడ్‌పూర్‌లో పుట్టిన తెలుగింటి కుర్రాడు. చిన్న ఊళ్ళో చేతికందిన సామాన్లతో సినిమాలు తీసుకునే మిత్రుల కథ. కల్పన కాదు, నిజంగా జరిగిందే. బొమ్మ చూసి బయటికొచ్చాక ఆ ఊరు చూడాలనిపించింది. సికింద్రాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఔరంగాబాద్ దాటి, అర్ధరాత్రి గడిచాక మన్మాడ్‌లో దించింది. మాలేగావ్‌కి రైలు లేదు. తెల్లవారేదాకా ప్లాట్‌ఫారం మీద దోమలతో సహవాసం చేసి, ఎర్ర బస్సెక్కి నలభై కిలోమీటర్లు వెళ్ళాలి.

నాసిక్ జిల్లాలో, ముంబయి నుంచి ఆగ్రా వెళ్ళే పాత రోడ్డు మీద వుంది మాలేగావ్. మధ్యలో మోసం నది. పేరు చూసి కంగారు పడకండి, మన మోసం కాదు! నదికి ఒక వైపు ఎక్కువగా ముస్లింలు, రెండో వైపు ఎక్కువగా హిందువులు. 1857 తిరుగుబాటు తరవాతా, కరువు కాలాల్లోనూ ఉత్తరాది నుంచి వలసొచ్చిన నేతగాళ్ళ వారసులు చాలామంది ఇక్కడున్నారు. 2006లోనూ 2008లోనూ జరిగిన బాంబు పేలుళ్ళ వల్లే ఈ ఊరి పేరు దేశానికి ఎక్కువగా తెలిసింది. ఆ వార్తలే చదివినవాడికి ఈ ఊళ్ళో సినిమా పుడుతుందని తోచదు.

నేను దిగింది గురువారం. బస్టాండు నుంచి లోపలి సందుల్లోకి వెళ్ళేసరికి ఒక చప్పుడు. టకా టక్, టకా టక్... అడుగు తెలియక ముందే చెవికి తెలిసిపోయింది. మా మేనమామది సిరిసిల్ల. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. వేసవి సెలవులకి వెళ్తే రాత్రంతా సాంచాల మోత మధ్యే నిద్రపోయేవాణ్ణి. మామయ్య ఇంట్లో అందరూ గట్టిగా అరిచి మాట్లాడేవారు, పోట్లాటేమో అనుకునేవాణ్ణి. ఆ మోతలో బతికేవాళ్ళకి మెల్లగా మాట్లాడే వీలుండదని పెద్దయ్యాక తెలిసింది. అందుకేనేమో, మామయ్యకి సినిమా కూడా గట్టిగా వుండాలి. డైలాగు పేలాలి, ఫైటు మోగాలి. ఇక్కడి వాళ్ళ అభిరుచీ అదే.

మర్నాడు శుక్రవారం. మగ్గాలకి సెలవు. చెవులకి ఉన్నట్టుండి ఏదో పోయినట్టయింది. నమాజు అయ్యాక కుర్రకారంతా ఉతికిన బట్టలేసుకుని సినిమా హాళ్ళ వైపు నడిచారు. వారానికి ఒక్క రోజు, మూడు గంటలు. ఆ మూడు గంటల కోసమే మిగతా ఆరు రోజులు అన్నట్టుంది వాళ్ళ నడక!

రైలు లేని షోలే

ఈ ఊళ్ళోనే షేక్ నాసిర్ అనే ఆయన వీడియో పార్లర్ నడిపేవాడు. పైరసీ అంటూ పోలీసు దాడులు మొదలయ్యాక, ఎవరి సినిమాలో ఎందుకు, మన సినిమా మనమే తీసుకుందాం అనుకున్నాడు. పెళ్ళిళ్ళు తీసే వీడియో కెమెరా పట్టుకుని, 2000లో 'మాలేగావ్ కే షోలే' తీశాడు. ఖర్చు యాభై వేల రూపాయల ప్రాంతం. ట్రాలీ కావాలంటే సైకిలు. క్రేను కావాలంటే ఎద్దులబండి! నటులు మగ్గం కూలీలూ, దుకాణాల వాళ్ళూ. ఊరి ఆడవాళ్ళు నటించే అలవాటు లేదు గనక హీరోయిన్లని బయటి ఊళ్ళ నుంచి పిలిచేవారు. అసలు షోలేలో బందిపోట్లు గుర్రాల మీద రైలుని తరుముతారు కదా, ఇక్కడ సైకిళ్ళ మీద బస్సుని తరుముతారు. ఊరు ఊరంతా విరగబడి చూసింది. ఆ తరవాత ఈ బృందం 'షాన్', 'కరణ్ అర్జున్' కూడా మాలేగావ్ వేషం వేసుకున్నాయి.

మోసం వంతెన దగ్గర టీ కొట్లో ఒక నడివయసు నేత కార్మికుడు కలిశాడు. నా హైదరాబాదీ హిందీ విని నవ్వాడు. షోలే మాటెత్తాను.

"చూశావా భాయ్?"

"ఎన్నిసార్లని చెప్పను సాబ్!"

"రైలు బదులు బస్సు పెట్టారు కదా. భలే కామెడీ" అన్నాను, తెలిసినవాణ్ణి అనిపించుకుందామని.

ఆయన కప్పు కింద పెట్టి నావైపు చూశాడు. "మీరు ఊళ్ళోకి దేని మీద వచ్చారు?"

"బస్సు మీద."

"మరి? మా ఊరికి రైలుంటే రైలే పెట్టేవాళ్ళం."

నాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్ళూ ఆ బస్సుని నేను లేమి అనుకున్నాను. ఆయన లెక్కలో అది నిజం. రైలున్న షోలే ఎవరో అమితాబ్‌ది, ధర్మేంద్రది. బస్సున్న షోలే తనది.

కాసేపాగి ఆయనే అడిగాడు: "మీరు నవ్వడానికొచ్చారా, చూడ్డానికొచ్చారా?"

"రెండూ" అన్నాను. నిజమే చెప్పాను.

"మేమూ రెండూ చేస్తాం" అని ఆయన టీ డబ్బులు కూడా తనే ఇచ్చాడు.

బక్క సూపర్‌మేన్

మనకి 1980లో ఎన్టీఆర్ 'సూపర్ మేన్' వుంది. ఆంజనేయుడి దయతో శక్తులొచ్చిన సూపర్‌మేన్! మాలేగావ్ సూపర్‌మేన్‌ది వేరే జాతకం. ఆ పాత్ర వేసింది షఫీక్ షేక్ అనే మగ్గం కార్మికుడు. గాలికి ఎగిరిపోయేంత బక్క మనిషి. ఊరి గాలికి ఆయాసం పట్టిన సూపర్‌మేన్, ఒంటికి అతకని దుస్తులు, వేలాడే నాడా. ఎగరాలంటే ఒక లారీ పక్కన ఆకుపచ్చ గుడ్డ కట్టి, దాని ముందు ఆయన్ని కర్రకి వేలాడదీశారు. ఈ అవస్థంతా ఫైజా అహ్మద్ ఖాన్ 'సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్' అనే డాక్యుమెంటరీలో పట్టింది. 2012లో హాళ్ళలోకి కూడా వచ్చింది. నీళ్ళలో సీను తీస్తుంటే వాళ్ళ ఒక్కగానొక్క కెమెరా నీళ్ళలో పడుతుంది అందులో. మన గుండె కూడా దానితో మునుగుతుంది.

షఫీక్ 2011లో నోటి కాన్సర్‌తో పోయాడు. పెద్ద హాళ్ళలో జనం తన కోసం చప్పట్లు కొట్టడం చూడలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బాగా లేని సినిమాలు రెండు రకాలు. చేతిలో అన్నీ వుండి, ప్రేక్షకుడి మీద లక్ష్యం లేక చెడగొట్టినవి. చేతిలో ఏమీ లేక, మనసంతా పెట్టి చెడిపోయినవి. మొదటి రకాన్ని కోట్ల ఖర్చు మాటున మనం మర్యాదగా వదిలేస్తాం. రెండో రకం మీదే మన తెలివంతా చూపిస్తాం. నేను చేసిందీ అదే. అలాగని రెండో రకాన్ని గొప్ప కళాఖండం అనమంటే అననండీ! షఫీక్ ఎగిరే సీను అధ్వాన్నంగానే వుంటుంది. నవ్వొస్తుంది, నవ్వాలి కూడా. కాని ఆ కర్ర పట్టుకున్నదెవరో కూడా ఒక్కసారి చూడాలి.

తిరుగు ప్రయాణంలో మన్మాడ్ ప్లాట్‌ఫారం మీద పాత నంబర్లు వెతికాను. దొరికింది. రింగవుతుంటే పెట్టేద్దామా అనిపించింది. ఆయనే ఎత్తాడు. ఇప్పుడు ఫ్లెక్సీల దుకాణం నడుపుతున్నాడట. పేరు చెప్పగానే గుర్తుపట్టాడు.

"ఆ చెయ్యి గురించి నేను అలా రాసి వుండకూడదండీ" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. "నాన్న లేరండీ ఇప్పుడు. ఇంట్లో ఆ పాట అప్పుడప్పుడూ వేసుకుంటాం."

ఏమనాలో తోచలేదు. ఇంకేమీ దొరక్క, "పైపు మాత్రం ఫ్రేములోకి రాకూడదండీ" అనేశాను.

ఆయన ఫక్కున నవ్వాడు. "రాకూడదండీ. నాన్న కూడా చూసిన ప్రతిసారీ అదే అనేవాడు."