‘యా’తో నా పాట్లు

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగారు. “స్పెయిన్ వెళ్ళొచ్చావు కదా, అక్కడి విశేషాలు రాయవోయ్” అన్నారు. కోటల గురించీ చర్చిల గురించీ చెప్పడానికి గైడు పుస్తకాలున్నాయి. నేను ఒక్క అక్షరం మాట గురించి రాస్తాను. ఆ మాట ‘యా’.

స్పానిష్ వాళ్ళకు ఈ మాట లేనిదే పూట గడవదు. హైదరాబాదులో సాయంత్రం క్లాసులకు వెళ్ళే రోజుల్లో నిఘంటువు తిరగేసి, ‘యా అంటే అప్పుడే, ఇప్పటికే’ అని నోటుబుక్కులో రాసుకున్నాను. ఇంకేముంది, ఆ మాట నాకు వచ్చేసిందనుకున్నాను.

2019లో నాలుగు నెలల చదువుకని సలమాంకా వెళ్ళాను. 1218లో స్థాపించిన విశ్వవిద్యాలయం ఉన్న ఊరది. ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు దొరికింది. నా నోటుబుక్కు అక్కడ చెల్లదని మొదటిరోజే తెలిసింది. ఆవిడను పిలిస్తే “యా బోయ్” అంటుంది, ఇదిగో వస్తున్నా అని. మనం ఏదైనా చెబుతుంటే “యా, యా” అంటుంది, ఊఁ, అర్థమైంది అని. అదే కాస్త సాగదీస్తే, ఆఁ, నమ్మాంలే అని! వీధిలో పిల్లలు పరుగుపందెం మొదలుపెట్టేదీ ‘యా’తోనే, అల్లరి మితిమీరితే తల్లి కసిరి ఆపేదీ ‘యా’తోనే. మొదలుపెట్టడానికీ ఆపడానికీ ఒకటే మాటైతే నాబోటివాడు ఏమైపోవాలి?

ఇంతవరకూ నవ్వులాటే. రెండోవారంలో ఒకరోజు ముందుగది గోడమీద ఒక యువకుడి ఫోటో చూసి, “మీ అబ్బాయా? ఇక్కడే ఉంటాడా?” అని అడిగాను.

“యా నో” అంది ఆవిడ.

మనసులో గబగబా అనువాదం చేసుకున్నాను. యా అంటే అప్పుడే, నో అంటే కాదు. అప్పుడే కాదు. అంటే ఇంకా రాలేదన్నమాట! “అయితే ఎప్పుడొస్తాడు?” అన్నాను హుషారుగా.

ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏదో పొరపాటు జరిగిందని తెలిసింది గాని, ఏమిటో తెలియలేదు. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

మర్నాడు క్లాసులో మా టీచరుగారిని అడిగాను. ఆమె బోర్డు మీద ఒక గీత గీసి, మధ్యలో చుక్క పెట్టారు. చుక్కకు ఇవతల ఒక స్థితి, అవతల మరొకటి. ఆ మార్పును చూపించేదే ‘యా’ అన్నారు. “యా యువేబె” అంటే ఇందాక లేని వాన ఇప్పుడు పడుతోంది. “యా నో యువేబె” అంటే ఇందాక పడ్డ వాన ఇక లేదు. ‘ఇంకా లేదు’ అనడానికి వేరే మాట ఉంది, “తొదావియా నో”.

ఇంకా లేదు, ఇక లేదు. మన తెలుగులోనూ ఒక సున్నా, ఒక దీర్ఘం, అంతే తేడా! ఎవరైనా పెద్దలు పోతే పత్రికలవాళ్ళు ‘ఇక లేరు’ అని వేస్తారే, ఆవిడ చెప్పింది ఆ మాట. నేను అడిగింది, ఎప్పుడొస్తాడని!

సాయంత్రం ఇంటికి వెళ్ళి, తెలియక అన్నాను, క్షమించమన్నాను. కొడుకు పోయి ఆరేళ్ళయిందట. చెబుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి. “యా ఎస్తా, ఇహో, యా ఎస్తా” అంటూ ఆవిడ నా భుజం తట్టింది. అయిపోయిందిలే నాయనా, ఇక ఊరుకో అని. ఓదార్చవలసినవాణ్ణి నేను, ఓదార్చింది ఆవిడ. ఆ అర్థం ఏ నిఘంటువులోనూ వెతుక్కోనక్కరలేకపోయింది.

తిరిగివచ్చే రోజున పెట్టె సర్దుకుని గుమ్మంలోకి వస్తే “యా తె బాస్?” అంది. అప్పుడే వెళ్ళిపోతున్నావా? నా నోటుబుక్కు అర్థం ఆ ఒక్కసారికి అతికినట్టు సరిపోయింది. మన అలవాటుకొద్దీ, వెళ్తానని అనకుండా మళ్ళీ వస్తానన్నాను.

“యా బోల్బెరాస్” అంది. జరగబోయేదాన్ని చెప్పే క్రియ ముందు ‘యా’ చేరితే ఒక్కోసారి అది మన ‘లే’ లాగా ధైర్యం చెబుతుంది. వస్తావులే!

మళ్ళీ వెళ్ళావా అని మిత్రులు అడుగుతుంటారు. ‘తొదావియా నో’ అంటాను. ‘యా నో’ అని మాత్రం అనను.