బరువు దిగిన పిమ్మట

లోకమునందు రోగులెల్లరు నొక్క కంట జూడబడరు. జ్వరపడినవానిని చూచి జాలిపడుదుము. క్షయరోగిని చూచి భయపడుదుము. లావెక్కినవారిని చూచి మాత్రము నవ్వుదుము. నవ్వి యూరకుందుమా? ఉపదేశము కూడ చేయుదుము. “కొంచెము నోరు కట్టుకొనరాదా?” యని పెండ్లిపందిటిలో, బస్సులో, బడిలో నెవ్వరైనను నెవ్వరితోనైనను ననవచ్చును. రక్తపుపోటునకు మాత్ర మ్రింగువానిని “నీకు సిగ్గులేదా?” యని యెవ్వరును నడుగరు. స్థూలకాయులకు మాత్రమా ప్రశ్న తీరని ఋణమువలె వెంటనంటి యుండును. శస్త్రచికిత్స చేయించుకొన్న తరువాతనైన నది తీరునా? తీరదు, రూపము మార్చుకొనును. “కోయించుకొని సన్నబడుట యేమి గొప్ప? అది దొడ్డిదారి గదా!” యందురు. ఆ దారిలో నడచినవారి సంగతి యెట్లుండునో, వారికి తోడెవ్వరో చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా సంగతి క్లుప్తముగ చెప్పెదము. మేము హైదరాబాదులో నొక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుచుందుము. 2021వ సంవత్సరమున మా బరువు 112 కిలోలు, ఎత్తు 160 సెంటీమీటర్లు. కిలోలను, మీటర్లలోని యెత్తును రెండుమార్లు పెట్టి భాగించినచో వచ్చు సంఖ్యను శరీర ద్రవ్యరాశి సూచిక యందురు. మా కది దాదాపు 44. మధుమేహము పదేండ్లనుండి కలదు. మోకాళ్ళు మేడమెట్లను చూచినంతనే మూలుగుచుండెను. నిద్రలో నూపిరి యాగి యాగి వచ్చుచుండుటచే పగలు తరగతిలో కునుకు పట్టెడిది. సూచిక 40 దాటినవారికి, లేక 35 దాటి యిట్టి జబ్బులున్నవారికి శస్త్రచికిత్స తగునని 1991లో అమెరికా నిపుణులు నిర్ణయించిరి. 2022లో రెండు అంతర్జాతీయ ప్రఖ్యాతిగల వైద్యసంఘములు కలిసి యా హద్దును 35నకు దించి, ఆసియావాసుల విషయమున నింకను తక్కువ సంఖ్యకే స్థూలకాయముగ గణింపవలెనని చెప్పినవి. మాకు తొలినాటి కొలతయే చాలినది. ఆ సంవత్సరాంతమున చికిత్స జరిగినది.

ఈ విద్య క్రొత్తది కాదు. ఆహారాశయమును చిన్నదిగ జేసి ప్రేవునకు కలుపు పద్ధతిని అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు 1966లో నారంభించెను. మాకు చేసినది వేరొక తీరు. ఆహారాశయములో నాలుగైదవ వంతులు తీసివేసి, మిగిలినదానిని సన్నని గొట్టమువలె నుంచుదురు. తీసివేసిన భాగములోనే ఘ్రెలిన్ అను నొక పదార్థ మధికముగ పుట్టును. ఆకలిని రేపునది యదియే. జపాను దేశపు శాస్త్రజ్ఞులు 1999లో దానిని కనుగొనిరి. అనగా, జీవితకాలమంతయు మేము జిహ్వచాపల్యమని నిందలు పడినదానిలో గొంత భాగము కడుపులోనుండి రక్తములోనికి బయలుదేరిన వార్త! ఈ మాట మొదట వినినప్పుడు మాకు గలిగిన యూరట యింతింత యని చెప్పలేము.

ఐనను కత్తి కడుపునే తాకును గాని వంటింటిని తాకదు, బంధువర్గమును తాకదు, మనస్సును తాకదు. ఇంటికి వచ్చిన పిమ్మటనే యసలైన చికిత్స మొదలగును. రెండు వారములు మజ్జిగతేట, పలుచని పప్పుకట్టు, చారునీళ్ళు. తరువాత మెత్తగ మెదిపినవి. అటుపిమ్మట మెల్లమెల్లగ గట్టి యాహారము. అన్నముతోపాటు నీళ్ళు త్రాగరాదు, అరగంట యెడముండవలెను. ముద్ద ముద్దకును మధ్య చేయి యాపవలెను. మాంసకృత్తులు దినమునకు 60 గ్రాములకు తగ్గరాదు. విటమినులు, ఇనుము, సున్నము మాత్రల రూపమున నిత్యము, జీవితాంతము పుచ్చుకొనవలెను. కాగితముమీద నివి పది పంక్తులు. తెలుగు లోగిలిలో నివి పది యుద్ధములు.

ఏలయన, మన యిండ్లలో ప్రేమ విస్తరిలో వడ్డింపబడును. వద్దన్నచో వస్తువును గాదు, మనిషినే వద్దన్నట్లు. “ఒక్క బూరె, నామీద ఒట్టు” అనిన పెద్దమ్మకు, రెండవ ముద్దకే కడుపు బిగిసి కన్నీరు వచ్చునని యెట్లు చెప్పుట? మరియొక యాచారము కలదు. ఇల్లాలు కడపట తినవలెను. గిన్నె యడుగున మిగిలినది పారవేయుట పాపము గావున దానిని తన కడుపులో వేసికొనవలెను. ఎన్ని యిండ్లలో గృహిణి కడుపే రెండవ కుండగ నున్నదో చదువరులు తమ తమ యిండ్లలో చూచుకొందురు గాక. నాలుగవ నెలలో మాకు జుట్టు కుచ్చులు కుచ్చులుగ రాలినది. అది యట్టి చికిత్సలో సాధారణమే. కొలది నెలలకు మరల వచ్చును. మా అత్తగారు మాత్రము దువ్వెన చేతబట్టుకొని, “లావుగా ఉన్నా లక్షణంగా ఉండేదానివమ్మా” యని కంట తడిపెట్టిరి. ఆమెకు మాపై గల ప్రేమకు గొదువలేదు. ఆ ప్రేమకు సమాధానము చెప్పు భాష మాకు లేదు.

ఆ భాష మాకు దొరికిన చోటొకటి కలదు. నెలకొక ఆదివారము మధ్యాహ్నము, ఒక సభ్యురాలి మేడమీద పదిపండ్రెండుగురము కూడుకొందుము. అందరును ఈ చికిత్స చేయించుకొన్నవారే. పదవీవిరమణ చేసిన బస్సు కండక్టరొకరు. ఆయన నందరము బాబాయి యందుము. కంప్యూటరు పనిచేయు పిల్లవాడొకడు. ఇద్దరు గృహిణులు. రవికెలు కుట్టు దర్జీ యొకతె. ఆమె తెచ్చిన యినుపపెట్టె యొకటి మేడమీదనే యుండును. బరువు దిగినవారు వదులైన బట్టలు అందులో వేయుదురు. వెనుక వచ్చువారు తమకు సరిపోవునవి తీసికొందురు. ఆరు నెలలకు నాలుగు కొలతలు మారు శరీరమునకు ప్రతిసారి క్రొత్తవి కొనుట యెవ్వరి తరము? మా ముదురాకుపచ్చ చుడీదారు ముగ్గురు మారినట్లు మే మెరుగుదుము.

ఈ కూటమికి కొన్ని నియమములు కలవు. ఫలహారములు పెట్టరాదు, మంచినీళ్ళ బిందె యుండును. ఒకరి కిలోలను మరియొకరి కిలోలతో పోల్చరాదు. మందు చెప్పరాదు, వైద్యుని యడుగుమని మాత్రమే చెప్పవలెను. ఇచ్చట వినిన మాట మెట్లు దిగరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది: రెండు నెలలు రానివారి యింటికి ఇద్దరు పోయి చూడవలెను. అచ్చట నడుగబడు ప్రశ్నలు చిన్నవి. పెసరట్టు సగము తినవచ్చునా? వ్రేలాడు చర్మమును చూచి భర్త మొగము త్రిప్పుకొన్నచో నేమి చేయవలెను? బట్టల దుకాణములో చిన్న కొలత చూపినప్పుడు “ఇది నాకు కాదు” అని యెందుకు నోటివెంట వచ్చుచున్నది? ఈ ప్రశ్నలు వైద్యుని బల్లయెదుట నోటికి రావు. వచ్చినను, బయట ముప్పదిమంది వేచియుండగా నాయనకు వినుటకు తీరిక యుండదు.

ఇట్లు రోగులే యొకరి కొకరు తోడగుట ఒక పాత యుపాయమే. 1905లో బోస్టన్ నగరమున జోసెఫ్ ప్రాట్ అను వైద్యుడు బీద క్షయరోగులను వారము వారము నొకచోట కూర్చెను. వారు దినచర్య వ్రాసికొని తెచ్చెడివారు. అచ్చట వారి బరువు తూచెడివారు. ఒకడు రెండు పౌనులు పెరిగినచో నందరికి నుత్సాహము గలిగెడిది! వారికి పెరుగుట పండుగ, మాకు తరుగుట పండుగ, తోడు మాత్రమొక్కటియే. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణమున మద్యపానము మానదలచిన యిద్దరి కలయికనుండి పుట్టిన సంఘము నేడు దేశదేశముల వ్యాపించినది. దారి నడచినవాడే దారిలోని గోతులు చెప్పగలడనునదియే వీని కన్నిటికిని మూలసూత్రము.

ఈ సూత్రము విలువ మాకు 2023లో తెలిసినది. ఇరువదియేడేండ్ల యువతి యొకతె చికిత్సయైన తరువాత మొదటి నెల వచ్చి, పిమ్మట రెండు కూటములకు రాలేదు. నియమము ననుసరించి బాబాయియు మేమును నగరపు అంచున నున్న వారి యింటికి పోతిమి. ఆమె మంచముమీద గూర్చుండి నవ్వినది. “ఏమీ లేదు బాబాయ్, కాస్త నీరసం. వాంతులు ఆపరేషనైనవాళ్ళకి మామూలేనట గదా” అన్నది. మూడు వారములనుండి యేమి త్రాగినను నిలుచుటలేదని అత్తగారు చెప్పినది. మాత్రలు కూడ వాంతిలోనే పోవుచుండెను. బాబాయి మాటలాడక, “అమ్మా, ఆ గుమ్మం దాకా నడిచి రా” యనెను. ఆమె లేచి నాలుగడుగులు వేసి గోడ పట్టుకొన్నది. అరికాళ్ళు మొద్దుబారినవనియు, నేల తెలియుటలేదనియు నప్పుడు చెప్పినది. “రేపు పోదాములెండి” యని ఇంటివారనిరి. “రేపు కాదు. ఇప్పుడే. ఆటో నేను పిలుస్తాను” అని బాబాయి చెప్పులు తొడిగికొనెను.

ఆయనకు వైద్యశాస్త్రము రాదు. విడువని వాంతులకు కాళ్ళ తిమ్మిరి తోడైనచో ఆ దినముననే ఆసుపత్రికి పోవలెనని ఏడాది క్రిందట కూటమికి వచ్చిన యొక పోషకాహార నిపుణురాలు చెప్పగా నాయన టిక్కెట్టు పుస్తకముపై వ్రాసికొనిన యలవాటు చొప్పున చిన్న కాగితముమీద వ్రాసి జేబులో పెట్టుకొనెను. అంతియే. ఆసుపత్రిలో బి1 విటమినును, అనగా థయమినును, నరములోనికి ఎక్కించిరి. శరీరములో నది రెండు మూడు వారములకు మించి నిలువయుండదు. లేనిచో నరములు, మెదడు కూడ చెడును. చక్కెరనీటికంటె ముందే దాని నీయవలెనట. తరువాత సన్నబడిపోయిన ఆహారాశయపు దారిని వెడల్పుచేసిరి. గోడ పట్టుకొనక నడచుట కామెకు మూడు నెలలు పట్టినది. మరికొన్ని దినములు జాగుచేసియుండిన నేమగునో వైద్యులు మా యెదుట చెప్పలేదు, మేమును నడుగలేదు.

ఈ వ్యాధి తెలుగువారికి క్రొత్తది కాదని తెలిసి మేమాశ్చర్యపడితిమి. బెరిబెరి యను పేర నిది యొకప్పుడు ఉత్తర సర్కారులలో ప్రబలియుండెను. మాల్కంసన్ అను వైద్యుడు దీనినిగూర్చి 1835లో మద్రాసునుండి యొక గ్రంథమే ప్రకటించెను. బియ్యపు పైపొరలోని సారము పోవుటయే దీనికి మూలమని తరువాత తేలినది. ఆ పరిశోధనకు దారి చూపిన ఐక్‌మన్ అను డచ్చి వైద్యునకు 1929లో నోబెల్ బహుమతి వచ్చినది. తాతలనాడు బియ్యపు మరనుండి వచ్చిన జబ్బు, మనుమలనాడు శస్త్రచికిత్స గదినుండి రాగలదు. తెలిసినవా డొక్కడు ప్రక్కనున్నచో నది గుమ్మములోనే పట్టుబడును.

ఇంత చెప్పినంతమాత్రమున కూటమి సర్వరోగనివారిణి యని మేమనుట లేదు. కూటములకు వచ్చువారు రానివారికంటె బరువు కొంత యెక్కువ తగ్గుదురని కొన్ని పరిశీలనలలో కనబడినది. కాని శ్రద్ధగలవారే వచ్చుచుండిరేమో, అందుచేత తగ్గుచుండిరేమో. ఆ చిక్కు విడదీయుట సులభము కాదు. మా మట్టుకు మేము 76 కిలోలవరకు దిగి, మూడవయేట 80నకు వచ్చితిమి. కొంత తిరిగివచ్చుట చాలమందిలో గలుగునదే. మా చక్కెర యదుపులో నున్నది. మేడమెట్లు మమ్ము భయపెట్టవు. మరియొక గోయి కూడ చెప్పవలెను. ప్రేవు మార్చు చికిత్స తరువాత మద్యము రక్తములో త్వరగ నెక్కును. రెండవ సంవత్సరమున మద్యపు బానిసత్వము పెరుగుచున్నదని అమెరికాలో 2012లో ప్రకటింపబడిన పరిశీలన తెల్పినది. మనస్సు క్రుంగి తమ్ము తాము హింసించుకొనువారును కలరని కెనడా దేశపు పరిశీలన యొకటి చెప్పినది. అన్నము ఓదార్పుగ నుండినవారికి ఆ యోదార్పు తొలగిన చోట ఖాళీ యేర్పడును. ఆ ఖాళీని పూరింపవలసినది మనిషి; సీసా కారాదు. కావుననే మా కూటమిలో బరువు నడుగుటకు ముందు నిద్రనుగూర్చి యడుగుదురు.

ఇప్పుడు ఆకలిని తగ్గించు సూదిమందులు కూడ వచ్చినవి. వచ్చుగాక. సూదియైనను కత్తియైనను, మనిషి తిరిగి పోవునది ఆ వంటింటికే, ఆ విస్తరియొద్దకే. సంస్కారముగల గృహస్థులను మేము వేడునది స్వల్పము. మీ యింట నట్టివారున్నచో చికిత్సను దొంగసొత్తువలె దాచకుడు; దాచినచో ఆపదవేళ చెప్పుకొను నోరు మూతపడును. వడ్డించుచు నొట్టు పెట్టకుడు. ఇల్లాలిని కడపటి పంక్తినుండి మొదటి పంక్తికి బిలువుడు; గిన్నెలో మిగిలినదానికి వేరు దారి చూడుడు. వాంతులను, తిమ్మిరిని “మామూలే” యనకుడు. ఏటేట రక్తపరీక్షకు తోడుగ పొండు. సన్నబడినవారిని చూచి యెన్ని కిలోలు తగ్గిరని యడుగుటకు ముందు, రాత్రి నిద్ర పట్టుచున్నదా యని యడుగుడు. అంతకంటె మేలైనది, వారివంటివారు మరి నలుగురు కూర్చుండుటకు మీ మేడమీద నెలకొక మధ్యాహ్నము చోటిండు. చాప యొకటి, మంచినీళ్ళ బిందె యొకటి యున్న చాలును.